ఎవురిదీ గాని పాట

2006 ఎండాకాలం. రాయచోటిలో పెండ్లి మండపం, సౌండు బాక్సుల వెనక. సౌండ్ సర్వీస్ శ్రీనివాసులు, పెండ్లికూతురి మేనమామ పెద్దసుబ్బయ్య.

"ఏమప్పా శ్రీనివాసులూ, ఎవురప్పా ఆ అరిచేది?"

"అరుపు కాదులే సుబ్బయ్యన్నా, పాట."

"అది పాటా? తీసేసి మంచి సినిమా పాట పెట్టు."

"ఎవురి సినిమాది పెట్టమంటావు? నువ్వే చెప్పు."

"అదేందప్పా, ఏదో ఒకటి..."

"ఏదో ఒకటంటే కుదర్దు. పోయినేడు టాకీసు కాడ ఏమయింది? కటౌటుకు దండేసేదానికి మీ పిలగాండ్లూ మగపెండ్లోళ్ళ పిలగాండ్లూ తలకాయలు పగలగొట్టుకోలా? మీ హీరోది పెడితే ఆళ్ళు లేస్తారు, ఆళ్ళ హీరోది పెడితే మీవోళ్ళు లేస్తారు. రాజీ చేసి ఈ సంబంధం కుదిర్చిన పెద్దమనిషివి నువ్వే గదా!"

"కుదిర్చినా. రెండూర్ల మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరిగినాయి. ఈ పొద్దు శివాని మెడలో తాళి పడితే రెండుపక్కలా కేసులు ఎనక్కి తీసుకుంటారు. పడకపోతే మల్లా మొదటికే. ఆ పాపను నా చేతుల మీద పెంచినానప్పా. దాని కండ్లలో నీళ్ళు సూస్తే నేను తట్టుకోలేను."

"అందుకేన్నా ఇది పెట్టినా."

"పోనీ, భక్తి పాటలు పెట్టు."

"పెట్టినా పొద్దున. మా ఊరి దేవుని పాట ముందు ఎందుకు పెట్టలేదని మగపెండ్లోళ్ళు మీదికొచ్చినారు."

"ఓహో... ఇంతకూ ఇది ఎవురిది?"

"ఎవురిదీ కాదు. అదే దీని గొప్ప. జమైకా అని ఒక దేశముండాదంట. ఆడ రెగే, డాన్స్‌హాల్ అని పాటలు. ఏడాదిలో బాగా ఆడినవన్నీ ఏరి ఒక సీడీలో ఏస్తారంట. కువైట్ నుంచి మా బావ ఏటా తెస్తాడు. పంచాంగం మాదిరి, ఏటా కొత్తది. ఈ పాడేటోడు మన కులం కాదు, మన పార్టీ కాదు, ఈడ ఆయప్పకు కటౌటు లేదు. తగాదాలుండే పెండ్లిండ్లకంతా ఇదే కొడతాండా. ఇంతవరకూ ఒక్క కుర్చీ ఇరగలా."

"గొప్పే గానీ, ఇందాకటి నుంచీ ఒకటే పాట పెడతాండావు గదా?"

"లేదన్నా, శానా మారినాయి."

"నా చెవులు బాగానే ఉండాయప్పా. దరువొకటే. పాడేటోడు మారతాండాడు, అంతే."

"ఆడ అదే పద్ధతంట. ఒక దరువు కట్టి పెడితే పదిమందీ దాని మీద పాడుకుంటారంట. మన చెక్కభజన మాదిరి."

"చెక్కభజనలో మాటన్నా అర్థమైతాది. ఇదేంది, ఆగిపాయ? ఇప్పుడిప్పుడే ఊపొస్తాంటే?"

"కోసేసినారన్నా. ఒక్క సీడీలో అన్నీ పట్టాల గదా. పోయినేటి పాట గూడా ఒకటో రెండో మల్లా తెచ్చి అతికించినారు, అది వేరే."

"మోసం! మూట పైన గట్టి శెనక్కాయలు, అడుగునంతా తాలుకాయలు. యాపారం నాకు తెలీదా? ఆ మొదట పాడినోడు మాత్రం... ఉండుండు. ఇదెవురు, ఆడమనిషా?"

"ఆడమనిషే."

"బాగా పాడతాందే."

"తల ఊపుతాండావన్నా."

"నేనా? ఈగ వాలితే తోలుకుంటాండా. ఆఁ, అదీ! ఆ మలుపు సూడు! అయిపాయనా? మల్లా పెట్టు."

"పెట్టకూడదన్నా."

"ఎందుకప్పా?"

"నా పద్ధతి అది. ఏ పాటా రెండోసారి పెట్టను. రెండోసారి పెడితే ఎవురిదో ఒకరిది అయిపోతాది."

"ఏం మాటలప్పా! మనకు భాషే తెలీని పాట ఎవురిదయితాది? పెట్టు."

"వద్దన్నా, నా మాటిను."

"పెండ్లికూతురి మేనమామను, నోరు తెరిచి ఒక్క పాట అడిగితే లేదంటావా?"

"సరే, నీ ఇష్టం. పెట్టినా."

"ఆఁ... ఎవురికేం నష్టమొచ్చింది? సూడు, మా పిలగాండ్లు ఎట్ల ఎగురుతాండారో! బలే, బలే!"

"ఓ సౌండన్నా! నేను ప్రవీణ్, పెండ్లికొడుకు తమ్ముడు అడుగుతాండా. ఆ ఆడామె పాట రెండోసారి ఎందుకు పెట్టినావు?"

"ఏం లేదు ప్రవీణ్, సుబ్బయ్యన్న అడిగితే..."

"అట్లనా. అంటే అది ఆడపెండ్లోళ్ళ పాటన్నమాట. మరి మా పాట?"

"మీ పాట అంటే?"

"మొదట బొంగురు గొంతాయన పాడినాడే, అది. మా వోళ్ళంతా ఆయప్ప పక్కే. సౌండు పెంచి పెట్టు."

"ఆ అరుపా? ప్రవీణూ, అది పాటేనా నాయనా?"

"మామా, ఆయప్పను ఇంకొక్క మాటంటే బాగుండదు."

"ఆయప్ప పేరన్నా తెలుసునారా నీకు?"

"ఆ ఆడామె పేరు నీకు తెలుసునా?"

"అన్నా, ప్రవీణూ, ఇద్దరికీ దండం పెడతా. పంతులు పిలుస్తాండాడు, ముహూర్తం దగ్గరపడింది. సీడీ తీసేస్తా, మేళం కొట్టించుకోండి."

"మా పాట అయినాంకనే తీసేది. లేదంటే మా అన్న పీటల మీద నుంచి లేస్తాడు, చెప్తాండా."

"ప్రవీణ్, ఆగు! యాడికి పోతాండావు? పాయ. సుబ్బయ్యన్నా, అటు సూడు, పెండ్లికొడుకు నిజంగానే లేస్తాండాడు. పాప ఏడుస్తాండాదన్నా. ఆ బొంగురుది ఒక్కసారి పెట్టేస్తా. ఊఁ అను, చాలు."

"శ్రీనివాసులూ."

"చెప్పన్నా, తొందరగా చెప్పు."

"లేస్తే లేయనీలేప్పా. ముందు మా పాట పెట్టు."