గీతను మళ్ళీ తిన్నగా గీయించిన పంకజాక్షి గారు

1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం, చిత్తూరులోని మన పట్టణ ప్రణాళికా శాఖ పాత కార్యాలయంలో శ్రీమతి పంకజాక్షి గారు డ్రాఫ్ట్స్‌మన్‌గా విధుల్లో చేరారు. ఆనాడు ఆమెకు బల్ల ఉంది, కుర్చీ లేదు. కుర్చీ వచ్చేవరకు నిలబడే పటాలు గీశారట. నిలబడి గీస్తే గీత తిన్నగా వస్తుందని ఆమె చెప్పేవారు. ఈ నెలాఖరున ఉప సంచాలకులుగా పదవీ విరమణ చేస్తున్న ఆమెను అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని సంచిక సంఘం నన్ను కోరింది. ఆమె పక్క గదిలో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను. పొగడ్తలు రాయడం నాకు రాదు. జరిగింది రాస్తాను.

పదోన్నతిపై ఆమె సూళ్లూరుపేట ప్రాంతానికి వెళ్ళిన రోజుల్లో అక్కడ పరిశ్రమలు వస్తున్నాయన్న మాట విని పొలాలన్నీ రాత్రికి రాత్రి ప్లాట్లుగా మారిపోతున్నాయి. లేఅవుట్ వేసినవారు అనుమతి ఇచ్చిన అధికారికి ఒక మూల ప్లాటును ‘గౌరవంగా’ సమర్పించడం అప్పటి ఆనవాయితీ. ఎవరూ దాన్ని లంచమనేవారు కాదు. పంకజాక్షి గారు దాన్ని మర్యాదగా తిరస్కరించేవారు, తిరస్కరించిన విషయాన్ని కూడా ఫైలులో రాసేవారు. ఆ రెండో పని వల్ల ఆమెకు శత్రువులు తయారయ్యారు. తిరుపతికి వచ్చాక లాడ్జీల వంతు. వాహనాలు నిలపవలసిన సెల్లారులో గదులు కట్టి అద్దెకిచ్చినవారికి ఆమె నోటీసులిచ్చారు, వారు పైవారిని కలిశారు, ఆమె మళ్ళీ ఇచ్చారు. ఆ లాడ్జీల్లో కొన్ని నేటికీ అలాగే ఉన్నాయి. ఈ ఉద్యోగంలో గెలిచామని చెప్పుకునే రోజులు తక్కువ. ఆ తక్కువ రోజుల్లో ఒకదాని కథే ఇది.

నగరి వైపు ఒక చిన్న పట్టణం. పేరు రాయను, మన కార్యాలయంలో తెలియనివారు లేరు. 2017లో దానికి బృహత్ ప్రణాళిక తయారుచేసే పని మనకు వచ్చింది. అందులో ముఖ్యమైనది చెన్నై రోడ్డును కలిపే ఎనభై అడుగుల కొత్త దారి. మొదటి సర్వేలో ఆ దారి వాననీళ్ళు పారే వంక పక్కన ఖాళీ భూముల మీదుగా తిన్నగా పోయింది. దానికి కొద్ది దూరంలో పంకజాక్షి గారి అన్న ఏకాంబరం గారి పొలం ఉంది. బోర్లు ఎండి, తోతాపురి మామిడి చెట్లు కొట్టేసిన పొలం అది.

తొలి సమావేశంలోనే ఆమె లేచి నిలబడ్డారు. “ఈ రోడ్డుకు దగ్గర్లో మా అన్న పొలం ఉంది. సర్వే నంబరు కూడా చెబుతాను, రాసుకోండి. ఈ పనిలో నేను ఉండకూడదు. వేరేవారికి ఇవ్వండి” అన్నారు.  మన కార్యాలయంలో అంతకుముందు ఎవరూ అలా లేచి చెప్పలేదు. పని ఆమెకన్నా జూనియరైన మునీంద్ర గారికి అప్పగించారు. టీ తాగేటప్పుడు ఆయన నవ్వుతూ, “మేడం, మీరు నంబరు దాకా సెప్పాల్నా? మాకు అర్థం కాదా?” అన్నారు. ఆయన తన నిజాయితీని మెచ్చుకుంటున్నారని ఆమె అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ముసాయిదా పటాన్ని ఆ ఊరి మున్సిపల్ కార్యాలయం గోడకు అంటించారు. ఆ వారంలోనే జ్ఞానాంబ అనే నేతకార్మికురాలు బస్సెక్కి తిరుపతి వచ్చి, తిన్నగా పంకజాక్షి గారి గదిలోకి నడిచారు. చీర కొంగుకు ఇంకా నూలు పోగులు అంటుకొని ఉన్నాయి.

“నువ్వేనా పంకజాక్షమ్మ? మీ యన్న పొలం ముందర రోడ్డు పోతే పోనీ తల్లీ, సంతోషం. మా మరమగ్గాలు నెత్తిన పెట్టుకోని యాడికి పోవాల? అదొక్కటి సెప్పు.”

పంకజాక్షి గారు ఆమెకు కుర్చీ చూపించారు. పటం తెప్పించి చూశారు. వంక పక్కన తిన్నగా పోవలసిన గీత ఊరి దగ్గర మెల్లగా వంగి, మగ్గాల వీధిని మధ్యకు కోసి, ఏకాంబరం గారి పొలాన్ని ఆనుకొని చెన్నై రోడ్డు చేరింది.

మునీంద్ర గారిని పిలిచారు. ఆయన తప్పు చేసినవాడిలా రాలేదు. మనసు నొచ్చుకున్నవాడిలా వచ్చారు.

“నేను నాకేమన్నా రాపించుకున్నానా మేడం? ఇన్నేండ్లలో మీరు ఎవుర్నీ ఏమీ అడగలే. మొదటిసారి అడిగితిరి. సేయకపోతే ఎట్లా అనుకున్నా.”

“నేను అడగలేదు మునీంద్రా. తప్పుకున్నాను.”

“తప్పుకునేది ఎట్లుంటాదో ఈ ఆఫీసులో ఎవురు సూసినారు మేడం? అందరమూ సిఫారసే అనుకున్నాం.”

 ఆయన అన్నది నిజమే. మన గదుల్లో సొంతవారి భూమి ఊసెత్తడమంటే పని చేసిపెట్టమనడమే.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఆమె గీతను సరిచేయమని ఆదేశిస్తే తాను తప్పుకున్న పనిలో వేలు పెట్టినట్టు. ఊరుకుంటే లాభం తన ఇంటికే. ఒకవైపు మగ్గాల వీధి, మరోవైపు అప్పటికే ఊరంతా అభినందిస్తున్న అన్న. మూడు రోజుల తర్వాత ఆమె నా బల్ల మీద సెలవు చీటీ పెట్టారు. సెలవు అడిగింది అభ్యంతరాల విచారణ జరిగే రోజుకు.

విచారణ ఆ ఊరి కల్యాణ మండపంలో జరిగింది. పేర్లు నమోదు చేయడానికి నన్ను పంపారు. వరసలో జ్ఞానాంబ వెనక పంకజాక్షి గారు నిలబడి ఉన్నారు. ఆమె పేరూ వరసలోనే రాసుకున్నాను. ముందు వరస కుర్చీలో ఏకాంబరం గారు ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చున్నారు. ఆమె వంతు వచ్చింది. విచారణాధికారి, “మీరు అధికారిగా వచ్చారా?” అని అడిగారు. “సెలవు పెట్టి వచ్చాను. ఈ గీత నా బంధుత్వం వల్ల వంగింది. నేను అడగలేదు, కానీ నా కారణంగా వంగింది. నా అభ్యంతరం రాసుకోండి” అన్నారు ఆమె.

ఏకాంబరం గారు లేచారు. “ఏమ్మే పంకజా! ఊరోళ్ళు ఇచ్చిన రోడ్డు నువ్వు పెరుక్కుంటావా? బోర్లో తడి లేదు, సెట్లు కొట్టేస్తిమి. నాకు మిగిలిండేది అదొక్కటే. గమ్మున ఆఫీసులో ఉండింటే సాలదా?”

“గమ్మునున్నా నేను చేసినట్టేన్నా.”

“నువ్వు సేయలే గదమ్మే!”

“నా మొగం సూసి చేసినారు. ఆ వీధిలో మగ్గం నిలిచిపోతే వాళ్ళకు గుర్తొచ్చేది నా మొగమే.”

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. “సరే. ఆ మొగం ఇంక మా ఇంటికాడ సూపించద్దు” అని వెళ్ళిపోయారు.  ఆ రోజు మండపంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గీత మళ్ళీ తిన్నగా మారింది. మగ్గాల వీధి నిలిచింది. ఆ తర్వాత పంకజాక్షి గారి మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి: రోడ్డును అన్న కోసం వంచారని ఒకటి, అన్న మీద కక్షతో మార్పించారని ఒకటి. రెండింటి మీదా ఒకే అధికారి విచారణ జరిపారు. రెండూ నిలబడలేదు గానీ, అవి తేలేలోపు ఆమె పదోన్నతి వెనక్కి పోయింది. మునీంద్ర గారు సంజాయిషీ ఇచ్చి ఒక ఇంక్రిమెంటు పోగొట్టుకున్నారు. ఈ సంచికకు ఆయనే సంపాదకులు. ఈ భాగాన్ని కొట్టేయకుండా ఉంచినందుకు ఆయనకు నా నమస్కారం. ఇక ఆ రోడ్డు నేటికీ వేయలేదు. పటంలోనే ఉంది, తిన్నగా.

ఏకాంబరం గారి కూతురి పెళ్ళికి పంకజాక్షి గారికి పిలుపు రాలేదు. పెళ్ళి రోజున ఆమె కొత్త పట్టుచీర కట్టుకొని కార్యాలయానికి వచ్చి, సాయంత్రం దాకా ఫైళ్ళు చూసి ఇంటికి వెళ్ళారు. 

మన కార్యాలయంలో ఇప్పుడు ప్రతి ప్రణాళిక తొలి సమావేశంలోనూ ‘ఎవరికైనా అక్కడ సొంత భూమి, సొంతవారి భూమి ఉందా?’ అని అడుగుతున్నాం. ఎవరైనా చేయెత్తితే పక్కవారు, “ఉందని సెప్తాండావా, కావాలని సెప్తాండావా?” అని ఎగతాళి చేస్తారు. చేయెత్తినవారు ఆ పని నుంచి తప్పుకొని బయటికి వెళ్ళి టీ తాగుతారు. ఒక్కోసారి చేయెత్తవలసినవారు ఎత్తరు కూడా. ఆ సంగతి మనందరికీ తెలుసు. ముప్పై నాలుగేళ్ళ సేవకు మిగిలింది ఈ ఒక్క ప్రశ్న. కొంచెమే, కానీ అంతకుముందు అది కూడా లేదు.

పోయిన ఆదివారం, నెలాఖరున జరిగే ఆమె సన్మాన సభకు పిలవడానికి మునీంద్ర గారూ నేనూ ఏకాంబరం గారింటికి వెళ్ళాం. ఆయన ఆహ్వానాన్ని చేతిలోకి తీసుకొని, దూరంగా పట్టుకొని, అందులోని చెల్లెలి ఫొటో చూశారు.

“తల నెరిసిపాయనే. ఏమప్పా, ఇన్నేండ్లు సేసి ఒక్క సెంటు భూమి తన పేరున రాపించుకోలేదంట, నిజమేనా?”

“నిజమే అన్నా” అన్నాను నేను.

“పిచ్చిది.”

మునీంద్ర గారు కాస్త ధైర్యం చేసి, “సభకు వస్తారా అన్నా?” అని అడిగారు.

“రాను. నా కోపం ఇంకా తీరలే. తీరినపొద్దు నేనే వాళ్ళింటికి పోతా, మీరెవరూ పిలవాల్సిన పన్లే. అంతదాకా దాన్ని బాగుండమనండి. బీపీ మాత్రలు మరిసిపోతాది అది, సిన్నప్పటినుంచి మతిమరుపు.”

పదవీ విరమణ వ్యాసాల చివర ఆయురారోగ్యాలు కోరడం మన సంప్రదాయం. చాలాసార్లు చేయి అలవాటుగా రాసేస్తుంది. ఈసారి ఆ మాటతో మాకు నిజంగా పని ఉంది. ఏకాంబరం గారి కోపం తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో మాకు తెలియదు. అంతకన్నా ఎక్కువ ఏళ్ళు పంకజాక్షి గారు సంపూర్ణ ఆరోగ్యంతో జీవించాలనీ, ఆయన వచ్చి తలుపు తట్టిన రోజున లేచి వెళ్ళి తీసే ఓపిక ఆమె కాళ్ళలో ఉండాలనీ, అంతవరకూ మాత్రలు మరిచిపోకుండా వేసుకోవాలనీ సహోద్యోగులందరి పక్షాన కోరుకుంటున్నాను.