పేరిందేవమ్మ తాగిన కాఫీ

శేషారత్నం ఉంది చూడండి, రేపల్లెలో శుభలేఖల ప్రెస్సు శేషారత్నం, ఆవిడ అచ్చు కొట్టని పెళ్ళి ఆ చుట్టుపట్ల లేదనుకో. మొగుడు బసవయ్య మిషను కాడ, ఈవిడ కంప్యూటరు కాడ. తెలుగు అక్షరాలు టకటకా కొట్టుద్ది, వేళ్ళకేసి కూడా చూడదు. ఆవిడకి అత్త ఉండేది, బసవయ్య తల్లి, మంగతాయారని. ఉండేది అంటున్నా, ఇప్పుడు లేదు. ఆ మంగతాయారు ఏం చేసేదంటే, పాటలు కట్టేది. కాయితం లేదు, కలం లేదు. రోలు కాడ కూకుంటే పాట, గేదెకి కుడితి పెడుతుంటే పాట. అందులోనూ వియ్యపురాళ్ళ మీద కట్టడంలో ఆమె తర్వాతే ఎవరన్నా. ఇప్పుడంటే పెళ్ళిళ్ళలో డీజేలు పెట్టి గుండెలదరగొడుతున్నారు గానీ, అప్పట్లో బంతిలో కూకున్న వియ్యపురాలిని పాటలో పెట్టి దులిపేసేవోళ్ళు. పేరు పెట్టి పాడాలి, అదీ మర్యాద. మా పేరు పెట్టి పాడలేదని అలిగి చెయ్యి కడిగేసుకున్నోళ్ళు కూడా ఉన్నారు. నవ్వమాకండి, నిజం.

సరే, శేషారత్నం పెళ్ళయింది. ఆవిడ పుట్టిల్లు కృష్ణకి అవతల, దివిసీమ వైపు. అప్పటికింకా వంతెన లేదు, పడవే. అత్తగారింట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే పిల్లని తీసుకుని వాళ్ళమ్మ పేరిందేవమ్మ పడవెక్కి వచ్చింది. వచ్చి కాఫీ తాగి, పాపం ఊరికే నోరు జారి, చక్కెర కాస్త తక్కువైందేమో వదినా అందంట. అంతే, మంగతాయారికి అంతకంటే ఏం కావాలి. భోజనాల బంతి కాడికొచ్చేసరికి పాట తయారు.

పడవెక్కి వచ్చింది పేరిందేవమ్మ
పడవోడ్ని అడిగింది పప్పన్నమేదని
కాఫీ బాలేదంది పేరిందేవమ్మ
గలాసు బోర్లిస్తె చుక్కైన లేదమ్మ

అని అందుకుంది చూడు, బంతి బంతంతా ఇస్తరాకుల మీద పడి నవ్వారంట. శేషారత్నం కొత్త పెళ్ళికూతురు కదా, మా అమ్మని ఇంత మాటంటారా అని వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంటా కూకుంది. పేరిందేవమ్మే లోపలికొచ్చి, పిచ్చిమొహమా, నన్ను పాటలో కూకోబెట్టింది, పట్టుచీర పెట్టినా ఇంత బాగుండదు, లేచి మొహం కడుక్కో అందంట. ఆ తర్వాత ఏమైందంటే, నాలుగైదేళ్ళకి పేరిందేవమ్మ పోయింది. శేషారత్నానికి అమ్మ మీద బెంగ పుట్టినప్పుడల్లా అత్త ఏమీ అనేది కాదు, ఓదార్చేది కాదు, తల దువ్వుతా ఆ పాటే పాడేది. ఏ పాట విని ఏడ్చిందో ఆ పాటే వినకపోతే నిద్రపట్టని కాడికి వచ్చింది. తర్వాత అత్త కూడా పోయింది. ఇల్లు మూగదైపోయింది అనేది శేషారత్నం, నాతో కూడా అంది.

అప్పుడు ఆవిడ ఏం చేసిందంటే, ఒక బ్లాగు పెట్టింది. బ్లాగంటే కంప్యూటర్లో అరుగు అనుకో. మన అరుగు మీద కూకుని మనం మాట్లాడుకుంటాం, దారినపోయేవోళ్ళు ఆగి వింటారు, పోతారు. అట్టా. దానికి ‘మా అత్త పాటలు’ అని పేరు పెట్టి, ప్రెస్సులో పని లేనప్పుడల్లా ఒక్కో పాట గుర్తుచేసుకుని కొట్టింది. ఏ పాట ఎవరి మీద కట్టిందో, ఆ రోజు ఏం కూర వండారో కూడా రాసింది. ప్రతి పాట కిందా ‘కట్టినామె మా అత్త మంగతాయారు’ అని పెట్టింది. చూసేవోళ్ళు ఎక్కువమంది లేరు. ఉంటే ఏంది, లేకపోతే ఏంది, అత్తతో కాసేపు కూకున్నట్టుండేది ఆవిడకి.

ఇట్టా ఉంటుండగా నిజాంపట్నం కాడ్నించి కోటేశ్వరి అని ఒకావిడ వచ్చింది, కూతురి పెళ్ళికి కార్డులు వేయించుకోను. కార్డులయ్యాక, అక్కా, మా వాళ్ళకెవరికీ పాటలు రావట్లేదు, ఈ పాట ఒక కాయితం మీద కొట్టిచ్చావంటే ఆడోళ్ళందరికీ తలా ఒకటి పంచుతా, చూసి పాడతారు అని ఫోను తీసి చూపించింది. శేషారత్నం కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఏముంది అందులో? పడవెక్కి వచ్చింది పేరిందేవమ్మ. ఇదెక్కడిదమ్మా అంటే, ఏదో పెళ్ళిళ్ళ సైటంట, అందులో ఇట్టాంటివి బోలెడున్నాయక్కా, ఫోటో తీసి పెట్టుకున్నా అంది. కింద చూస్తే మంగతాయారు లేదు. ‘సేకరణ: మా బృందం’ అని ఉంది. మరి ఈ పేరిందేవమ్మ ఎవరంటావ్ అని అడిగింది శేషారత్నం. ఏమోనక్కా, పూర్వకాలంలో ఎవరో అయ్యుంటుంది, అసలు ఉందో లేదో అంది కోటేశ్వరి. పాపం ఆవిడకేం తెలుసు. కన్నతల్లి పూర్వకాలంలో ఎవరో అయిపోయింది, అత్త అసలే లేకుండా పోయింది. ఆ పూట శేషారత్నం అన్నం తినలేదు.

సైటు తెరిచి చూస్తే, అరుగు మీద ఉన్న పాటలన్నీ అక్కడున్నాయి. ఒకటీ అరా కాదు, చాప చుట్టినట్టు చుట్టి పట్టుకుపోయారు. పైగా ఇంకో చోద్యం వినండి. ఆ పేజీలో వేలు పెట్టి పట్టుకోబోతే ‘ఇది మా సొత్తు, కాపీ చేయరాదు’ అని వచ్చుద్దంట. ఎత్తుకొచ్చిన బిందెకి తాళం వేసుకున్నాడు వాడు! శేషారత్నం మర్యాదగా జాబు రాసింది, అయ్యా ఇవి మా అత్త పాటలు, ఆమె పేరు పెట్టండి అని. జవాబు లేదు. పాట కింద నలుగురికీ కనపడేటట్టు రాసింది. సాయంత్రానికి చెరిపేశారు. బసవయ్యేమో, మా అమ్మ పాటల కోసం నువ్వు కొట్టుకుంటావేందే, పోనీ, పాటేగా, ఊళ్ళో తిరుగుద్ది అన్నాడంట. శేషారత్నం ఆయన మొహం చూసి, పాట తిరగనీ, ఎవరొద్దన్నారు, మీ అమ్మనెందుకు దింపేశాడు అంది. ఆయన లేచి మిషను కాడికి పోయాడు.

అడగ్గా అడగ్గా ఎవరో చెప్పారు, ఆ సైటుకి కంప్యూటర్లో జాగా అద్దెకిచ్చినోళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకి ఫిర్యాదు చెయ్యొచ్చు, నిజమని తేలితే మూయించేస్తారు అని. చేసింది. దాంతో వాడికి కాక తగిలింది. సైటు నడిపే కుర్రాడే ప్రెస్సుకి ఫోను చేశాడు. గొంతు మెత్తగానే ఉందంట. ఏమ్మా, ఇవి జానపదాలు కదా, జానపదానికి ఓనరు ఉండరు కదా, మీ అత్తగారు కూడా ఎక్కడో విన్నవే పాడుంటారు కదా అన్నాడు. శేషారత్నం అంతా విని ఒకటే అడిగింది.

“మరి మా అమ్మ పేరెట్టా వచ్చింది బాబూ అందులోకి? పేరిందేవమ్మ మీకేమయిద్ది?”

వాడు ఫోను పెట్టేశాడు. హమ్మయ్య, దారికొచ్చాడు అనుకుంది ఈవిడ. ఎక్కడ! మర్నాడు చూస్తే పేరిందేవమ్మని కూడా తీసేశాడు. ఆ పేరున్న చోటల్లా చుక్కలు పెట్టి, ‘ఇక్కడ మీ వియ్యపురాలి పేరు పెట్టుకోండి’ అని రాశాడు. కాఫీ బాలేదంది చుక్కలు. అది చూసి శేషారత్నం ప్రెస్సులో అందరి ముందూ ఏడ్చింది. అత్తా అమ్మా కలిసి కూకునే చోటు ఈ లోకంలో అదొక్కటే మిగిలింది కదా, ఆ నాలుగు లైన్లు. వాటిని కూడా ఖాళీ చేశాడు.

అయితే కోటేశ్వరి ఫోనులో ఫోటో ఉందిగా, పేరుతో సహా, పైన వాడి సైటు గుర్తుతో సహా. ఆ ఫోటో తెప్పించి జాగా అద్దెకిచ్చినోళ్ళకి పంపింది. వాళ్ళు వాడికి గట్టిగానే చెప్పినట్టున్నారు, వాడు పరుగెత్తుకుంటా ఫోను చేశాడు, అమ్మా అమ్మా, అన్నీ పీకేస్తా, ఒక్క పాట కూడా ఉంచను, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అని. ఇక్కడ చూడండి శేషారత్నం తీరు. నేనయితే పీకెయ్యి, నువ్వు కూడా పో అనేదాన్ని. ఆవిడేమందంటే, “పీకమాక. పాట పాడుకునేవోళ్ళకి పాట కావాలి. కట్టినామె పేరు పెట్టు, మా అరుగుకి దారి చూపించు, చాలు.” అంది. మరి ఆ చుక్కలు అన్నాడు వాడు. ఆవిడ అత్తని తలుచుకుంది. అత్త బతికుంటే ఏం చేసేది? ఏ పెళ్ళికి పోతే ఆ వియ్యపురాలి పేరు వేసి పాడేది, పేరు లేకుండా మాత్రం పాడేది కాదు. చుక్కలు ఉండనీలే, మా అమ్మ మా అరుగు మీద ఉంది అంది. వాడు పేరు పెట్టాడు. పెట్టాడు గానీ చీమ తలకాయంత అక్షరాలతో పెట్టాడు. నేను ఇన్నేళ్ళుగా అచ్చులోనే ఉన్నా నాయనా, పెద్దక్షరం ఎంతుంటదో నాకు తెలుసు అని మళ్ళీ ఫోను చేసి పెద్దది చేయించింది శేషారత్నం.

ఇంక కోటేశ్వరి కాయితాలు మిగిలాయి. వాళ్ళ వియ్యపురాలి పేరు సామ్రాజ్యమ్మ. శేషారత్నం పాట మొత్తం కొట్టి, పేరిందేవమ్మ కాడికొచ్చి ఆగిపోయింది. అమ్మ పేరు తన వేలితో తానే చెరపాలి కదా. చెరిపింది. సామ్రాజ్యమ్మ అని కొట్టి, కింద కొట్టొచ్చినట్టు ‘కట్టినామె మంగతాయారు’ అని వేసింది. కోటేశ్వరి, పెళ్ళికి నువ్వు కూడా రావాల్సిందే అక్కా అంటే వెళ్ళింది. నేనూ ఉన్నా ఆ పెళ్ళిలో, వడ్డనలో, పప్పు నా చేతిలోనే ఉంది.

బంతి సాగుతోంది. కోటేశ్వరి అప్పచెల్లెళ్ళు కాయితాలు పట్టుకుని అందుకున్నారు. రాగం సరిగ్గా రావట్లేదు, ఒకరు ముందు ఒకరు వెనక, అయినా కాఫీ బాలేదంది సామ్రాజ్యమ్మ అనేసరికి మొత్తం గొల్లుమన్నారు. సామ్రాజ్యమ్మ మంచి గట్టి మనిషి. ముద్ద నోటి కాడ ఆపి, ఎవత్తి కట్టింది ఈ పాట నా మీద అంది. ఒకమ్మాయి కాయితం కింద చూసి, మంగతాయారంట అత్తా అంది. ఏదీ, ఆ మంగతాయారుని ఒకసారి ఇట్టా రమ్మను, ఇయ్యాల దాని సంగతేందో తేలుస్తా అందావిడ. అప్పుడు శేషారత్నం అన్నం చేత్తోనే లేచి నిలబడింది.

“ఆమె లేదు వదినా. నేను ఆమె కోడల్ని. అనాల్సింది నన్ననండి.”

అనమంటే సామ్రాజ్యమ్మ ఊరుకుంటదా. మీ అత్తకి వేరే పనేం లేదా, నేను కాఫీ తాగితే ఆమెకెందుకు, ఆమె నోరా మరొకటా, ఆమెతో నువ్వు ఎట్టా కాపరం చేశావే తల్లీ అని ఎడాపెడా వాయించింది. మంగతాయారు, మంగతాయారు అని పేరు పెట్టి మరీ వాయించింది. తిట్టి తిట్టి అలిసిపోయి, ఇంకా ఎన్ని కట్టిందేంది మీ అత్త, ఇంకోటి అందుకో చూద్దాం అని పక్కకి జరిగి చోటిచ్చింది. శేషారత్నానికి నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అత్తని తిడుతుంటే సంబరపడ్డ కోడళ్ళని నేను చాలామందిని చూశా గానీ, ఆ సంబరం వేరు. ఇంకోటి పాడింది, మళ్ళీ అన్నం పెట్టించుకుంది, నేనే వడ్డించా.

అదండీ సంగతి. ఆ సైటు కుర్రాడి పేరేందని అడుగుతారు మీరు, అడగాలనే ఉంది మీ మొహాల్లో. నాకు తెలుసు, ఇంటిపేరుతో సహా తెలుసు. చెప్పను. మంగతాయారుని పేరు లేకుండా అన్నాళ్ళు ఊళ్ళు తిప్పాడుగా, నా కథలో వాడూ అట్టాగే తిరగనీ.