ఒకటిన్నర నక్షత్రాల తమ్ముడు

ఒట్టేసి చెబుతున్నాను, ఇవాళ నా నోట వచ్చే ప్రతి మాటా అచ్చమైన నిజం. ఆవగింజంత కల్తీ ఉంటే నాకు మిగిలిన నాలుగు పళ్ళూ ఇప్పుడే ఊడి ఈ బల్ల మీద పడాలి. కానీ అమ్మాయ్, బెల్లు మీద వేలు పెట్టి తియ్యకుండా అలా నొక్కేస్తే ఎలా చెప్పు? ఇల్లు తగలబడుతోందనుకుని వీధి వీధంతా బకెట్లతో బయల్దేరి ఉంటుంది.

కూర్చో. అది కాదు, దానికి మూడు కాళ్ళే. ఇందులో కూర్చో.

నువ్వెందుకొచ్చావో చెప్పక్కర్లేదు. పత్రికని అలా కర్రలా చుట్టి పట్టుకుని వచ్చేవాళ్ళంతా మా తమ్ముడి కోసమే వస్తారు. ఇప్పటికి లక్షమంది వచ్చుంటారు. ఒక డ్రమ్మరైతే డ్రమ్ముతో సహా దిగాడు, వాడి నెత్తి మీదే వాయిస్తానని. ఆ డ్రమ్ము మా మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఇక చేసేదేముంది, నువ్వు కూర్చున్న చోటే కూర్చుని టీ తాగి వెళ్ళాడు.

ఇంతకీ నీది ఏ బ్యాండు?

అయ్యో తల్లీ. అది నీదా? అందులో పాడింది నువ్వా?

మరి నీకెందుకు కోపం? నాలుగున్నర నక్షత్రాలిచ్చాడు కదమ్మా. వాడు నాలుగున్నర ఇవ్వడమంటే ఏమిటో నీకు తెలుసా? మా తమ్ముడు ఆ పత్రికలో కొత్త ఆల్బమ్‌ల మీద రాయడం మొదలుపెట్టేనాటికి నా జడ మోకాళ్ళు దాటి నేలని ఊడ్చేది. రాక్ అనీ, సొంత డబ్బుతో తీసుకునే ఇండీ అనీ, వారానికో బస్తాడు రికార్డులు వచ్చి పడేవి. ఐదు నక్షత్రాలకి వాడి చెయ్యి ఒకటిన్నర దాటదు. బయట వాడి పేరే ఒకటిన్నర గారు. కూరగాయలబ్బాయి కూడా, కిలో అడిగితే, ఒకటిన్నర ఇమ్మంటారా సార్ అంటాడు, తలెత్తకుండా.

గిటారు మోగితే, ఈ కుర్రాడికి పది వేళ్ళున్నాయి, పదీ ఖాళీగా ఉన్నాయి అని రాస్తాడు. రెండు రికార్డుల ఆల్బమ్ వస్తే, మొదటిది అనవసరం, రెండోది అన్యాయం అని రాస్తాడు. నిరుడు ఒకడు అరిచి అరిచి పాడితే, ఎవరైనా ఇతనికి మంచినీళ్ళిస్తే ఆల్బమ్ ఆగిపోయేది అని రాశాడు. అది నా మాటే. ఆకుకూర తుంచుతూ అన్నాను, వాడు చక్కగా ఎత్తుకుపోయాడు. అసలు వాడి రాతల్లో మంచి వాక్యాలన్నీ నావే, కావాలంటే వాణ్ణే అడుగు. ఒప్పుకోడు.

సరే, నీ గోడు చెప్పు.

ఊఁ.

'పరుగందుకున్న ఆల్బమ్' అని రాశాడా. 'పిచ్చుక గొంతు'. 'వింటుంటే కాళ్ళు కుర్చీ కింద ఆగవు'. అవును, రాశాడు. నాకు చదివి వినిపించాకే పంపాడు.

వెటకారమనుకున్నావా? పాపం. పైగా అది చదివి జనం గంతులెయ్యడానికి తయారై మీ కచేరీకి వచ్చారా? మీరు మొదటి పాట ఎత్తుకోగానే, కరెంటు తక్కువొస్తోందా అని ఎవడో వెనకనుంచి అరిచాడా? నవ్వట్లేదమ్మా. దగ్గొచ్చింది.

వచ్చే శనివారం పెద్ద హాలు. టికెట్లన్నీ అయిపోయాయి. పోస్టరు మీద నీ మొహం కన్నా పెద్దగా వాడి వాక్యమే ఉంది. ఈలోగా, పొరపాటు రాశానని వాడు పత్రికలో వేస్తే సరి, లేకపోతే నువ్వు స్టేజీ ఎక్కవు. అంతేనా?

అదుగో, పైకి చూస్తున్నావు.

చూడు, చూడు. బాగా విను. ఇప్పుడే పైన వాడికి రికార్డు పెట్టి కిందికి దిగాను, ఇంతలో నువ్వు బెల్లు మీద పడ్డావు. ఎవరీ పిల్ల, ఈల వేసినట్టు ఇలా పాడుతోంది అనుకుంటున్నావు కదూ?

అవును తల్లీ. అది నువ్వే.

నీళ్ళు తాగు. ముందు నీళ్ళు తాగు.

చెబుతాను. నువ్వలా కళ్ళు పెద్దవి చేస్తే నాకు మాట తడబడుతుంది. మా వాడికి మోకాళ్ళు వంగవు. రికార్డులు తిప్పే మిషను కిటికీ దగ్గర చిన్న పీట మీద ఉంటుంది. వాడు పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటాడు. ఊఁ, పెట్టక్కా అంటాడు. నేను వంగి రికార్డు వేసి, ముల్లు దించుతాను. ఇదీ మా ఇంటి పద్ధతి. ఆ మిషను మీద వాడి చెయ్యి పడి ఒక యుగమైంది.

నీ రికార్డొచ్చిన రోజున కింద పత్రిక ఎడిటరు నుంచి ఫోను. వాడు ఇదే గదిలో నిలబడి మాట్లాడుతున్నాడు. నేను పైనుంచి వింటున్నాను. చాటుగా కాదు, ఫోనులో ఆ ఎడిటరు అంత గట్టిగా అరిస్తే వినపడదా మరి? ఈ తిట్లు ఎవరూ చదవడం లేదండీ, మీ చెవులు ముసలివైపోయాయి, ఒక్క ఆల్బమైనా నచ్చిందని మీరు రాసి ఎన్నాళ్ళయింది, ఇంకోసారి ఒకటిన్నర అంటే ఆ పేజీ ఇంకెవరికైనా ఇచ్చేస్తాను అన్నాడు.

వాడు పైకొచ్చాడు. మొహం ఉతికి పిండేసిన గుడ్డలా ఉంది. వాలాడు. కళ్ళు మూసుకున్నాడు.

వాడు కింద ఫోనులో ఉండగానే నేను నీ పాట కొంచెం విని చూశానమ్మా. కోప్పడకు. నువ్వు మొదటి మాట అనేసరికి నేను రెండు కట్టల ఆకుకూర తుంచేశాను. రెండో మాట వచ్చేసరికి బయట కాలం మారిపోయింది. అమ్మో అనుకున్నాను. ఇది విన్నాడంటే వీడు ఒకటిన్నర కూడా ఇవ్వడు, పేజీ పోతుంది, పేజీ పోతే రోజంతా ఇంట్లో కూర్చుని నా వంట మీద సమీక్షలు రాస్తాడు.

ఆ మిషనుకి ఒక మీట ఉంటుంది చూడు. పెద్ద రికార్డులకి ముప్ఫై మూడు, చిన్నవాటికి నలభై ఐదు. నీది పెద్దది. నేను మీట నలభై ఐదు మీదికి తోశాను.

అంతే. తుడుస్తుంటే గుడ్డ తగిలి జరిగిందని చెబుదామనుకున్నాను గానీ, మొదట్లోనే ఒట్టేశాను కదా. వేలితోనే తోశాను. తొందరగా అయిపోతే వాడికి తొందరగా కోపమొస్తుంది, తొందరగా చల్లారుతుంది, ఇంతే నేననుకున్నది.

వాడు కళ్ళు తెరిచాడమ్మా. పాట సగంలో. ఇన్నేళ్ళలో ఏ పాటకైనా సగంలో కళ్ళు తెరవడం నేను చూడలేదు. కాలు ఆడుతోంది. వంగని మోకాలు ఆడుతోంది. విన్నావా అక్కా, అన్నాడు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఎంత తొందరగా చెప్పి వెళ్ళిపోతోందో చూడు ఈ పిల్ల, అన్నాడు.

వెళ్ళిపోయింది ఆ పిల్ల కాదురా, తోసింది నేను అని ఎలా చెప్పను?

ఆ రాత అచ్చయ్యాక ఎడిటరు తనే మళ్ళీ ఫోను చేశాడు, మీరు కుర్రవాళ్ళయిపోయారండీ అని. అప్పట్నుంచి రోజూ నీ ఆల్బమే. మిగతావాటికి ముప్ఫై మూడు, నీది పెట్టేటప్పుడు నలభై ఐదు. ఈ మీట జరపడంలో ఇప్పుడు నా అంత నేర్పరి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

ఇదమ్మా సంగతి. నువ్వు అడిగిన ముక్క అచ్చులో పడిందంటే, రికార్డు ఏ వేగంలో తిరుగుతోందో తెలియని ముసలాడు అని లోకమంతా నవ్వుతుంది, పేజీ ఆ రోజుతో సరి. పడకపోతే నువ్వు శనివారం పిచ్చుకలా కీచుమనాలి, లేదా తిట్లు తినాలి. నేనైతే రెండూ వద్దంటాను. మూడోది నాకు తెలియదు. అందుకే ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నేను, నోరు కుట్టుకుని. ఈ వీధిలో ఎవరితో చెప్పినా నమ్మరు.

లేస్తావెందుకు? మాటలు పూర్తి కాలేదు.

ఇంకొక్కటుంది. ఇది వాడికీ తెలియదు, నీకూ చెప్పకూడదనుకున్నాను. మొన్న వాడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇల్లంతా ఖాళీ. ఊరికే, తప్పు చేసినదాన్ని కదా, అసలు ఎలా ఉంటుందో చూద్దామని, మీట సరిగ్గా పెట్టి నీ రికార్డు వేశాను. పొయ్యి మీద పాలు పెట్టాను.

రెండో వైపు రెండో పాట. అందులో నువ్వు ఒక మాట దగ్గర ఆగిపోతావు చూడు, ఇక పాడవేమో అనిపించేలా? ఆ ఆగినంతసేపూ నేను ఊపిరి తియ్యలేదమ్మా. పాలు పొంగాయి. మిగిలినవి ఇగిరాయి. గిన్నె మాడింది. వాసన వస్తోంది, తెలుస్తోంది, అయినా లేవలేదు. గొంతు అంత లోతుగా ఉండి, అంత నింపాదిగా, ఎవరికీ ఏమీ సంజాయిషీ ఇచ్చుకోనట్టు... నా జన్మలో ఏ పాటకీ నేను గిన్నె మాడ్చుకోలేదు. నమ్మకపోతే ఆ గిన్నె చూడు, బయట పెట్టాను.

నేనెన్ని నక్షత్రాలిస్తానంటావా? నన్నడక్కు. నాకు పాటలంటే గిట్టవు, అందరికీ తెలుసు. నా పరువు తియ్యకు.

కానీ, పిచ్చుకని మెచ్చుకున్నవాడికి నువ్వంటే ఏమిటో తెలియాలి కదా. నచ్చితే, తన తప్పు తనే రాసుకుంటాడు, అది వాడి పంతం. శనివారానికి ముందే రాస్తాడు. ఆ తప్పు రాసినందుకు పేజీ పోతే పోతుంది. నచ్చకపోతే... ఏమో. ఈ ఇంట్లో నేను భయపడేది రెండింటికే, బల్లికీ, వాడి మొహం వాడిపోవడానికీ. పైకెళ్ళి ఆ మీట జరపడానికి నాకు చేతులు రావడం లేదు. నీకొస్తాయి. పాట నీది.

ఇదిగో, ఈ టీ వాడికి పట్టుకెళ్ళు. చక్కెర వెయ్యలేదు, అడిగితే వేశానని చెప్పు. పైన పాట ఆగింది, విన్నావా, మొదటి వైపు అయిపోయింది. నీ అడుగుల చప్పుడు నాదే అనుకుని, కళ్ళు తెరవకుండానే, తిప్పక్కా అంటాడు. ఏమీ అనకు. తిప్పు. మీట ముప్ఫై మూడు మీద పెట్టు. ముల్లు మెల్లిగా దించి, కిటికీ పక్కన నిలబడు. రెండో పాట దాకా ఆగు.

మాట్లాడడం అయ్యాక, కప్పు కిందికి తీసుకురా తల్లీ. ఈ ఇంట్లో పగలకుండా మిగిలిన కప్పు అదొక్కటే.