కుక్క మొరగని ఊరు

బల్లకి అటువైపు, యుద్ధకాలపు కార్డు మీద ముద్ర చూసి అది ఏ పటాలానిదో చెప్పే భూతద్దం బాబాయి. ఇటువైపు, తాత రాసిన కార్డులు గుడ్డలో చుట్టి తెచ్చుకున్న టైలరమ్మ. పట్టపగలు. ఆమెకి తొందరగా ఉంది, ఆయనకి లేదు.

“అప్పుడా కంచరగాడిద ఏం చేసిందనుకున్నావు?”

“బాబాయిగారూ, గాడిద సంగతి తర్వాత. పటాలం పేరు చెప్పండి.”

“గాడిద కాదమ్మాయ్, కంచరగాడిద. సైన్యం టపా మూటలన్నీ మోసింది అదే. దానికి ప్రతి పటాలం నెంబరూ కంఠతా వచ్చు. గుమాస్తా తప్పు మూట వీపున పెట్టాడా, అంగుళం కదిలేది కాదు. ఒట్టు! చివరికి గుమాస్తాని ఇంటికి పంపించి, వాడి కుర్చీలో దాన్ని కూర్చోబెట్టారు.”

“కుర్చీలో కంచరగాడిద.”

“జీతం కూడా పెంచారు.”

“మీరు కోసే కోతల ముందు నా కొట్లో కత్తెర సిగ్గుపడాలి. అవతల రాయి చెక్కేవాడు సాయంత్రం దాకానే ఆగుతానన్నాడు. తాత జ్ఞాపకంగా నిలబెట్టే రాయి మీద, ఆయన పేరు కింద పటాలం పేరు చెక్కాలి. రేపు మా నాన్న చేతుల మీదుగా ముసుగు తీయించాలి. ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే.”

“ఒంట్లో ఎలా ఉంది నాన్నకి?”

“మంచం దిగాలన్నా మనిషి పట్టుకోవాలి.”

“మరిప్పుడెవరు పట్టుకుంటున్నారు?”

“ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి వచ్చాను. మందు వేళకి పోవాలి. అందుకే మిమ్మల్ని తొందరపెడుతున్నా.”

“అట్లాగా. కూర్చో, కూర్చో.”

“కూర్చోడానికి టైము లేదండీ.”

“నువ్వు నిలబడితే కార్డు మీద నీడ పడుతోంది. కూర్చో మరి.”

“హమ్మ... సరే, కూర్చున్నా. చూస్తున్నారా?”

“చూస్తున్నా. ఇదిగో గుండ్రటి ముద్ర, మధ్యలో నెంబరు. యుద్ధంలో ఊరి పేరు రాయనిచ్చేవాళ్లు కాదు. పటాలానికి ఊరూ పేరూ అన్నీ ఈ నెంబరే. పక్కన గిలికిన సంతకం పై అధికారిది. కుర్రాళ్లు రాసిందంతా వాడు చదవాలి, ఎక్కడైనా ఊరి పేరు కనపడితే సిరా పులమాలి. మీ తాత కార్డులో ఇక్కడ పులిమాడు చూడు.”

“అది నాకూ కనపడుతోంది. ఆ నెంబరు ఎవరిది?”

“ఆ రోజుల్లో టపా ఎంత జోరుగా నడిచేదంటే, ఒకడు పెళ్లాం మీద బెంగతో రాసిన కార్డు, వాడికి పెళ్లి కాకముందే ఆవిడకి అందింది.”

“బాబాయిగారూ!”

“ఆవిడ అది చదివే ఒప్పుకుంది పాపం. ఇంతకీ మీ తాత పటాలంలో ఏం చేసేవాడు?”

“వంట. గరిటె తప్ప తుపాకి ముట్టుకోలేదని మా నాన్న ఊరంతా చెప్తాడు. రాయి మీద గరిటె బొమ్మ వేయిస్తానంటే, నలుగురూ నవ్వుతారని నేనే ఆపాను.”

“ఇంట్లో కూడా బాగా వండేవాడా?”

“తిరిగొచ్చాక పొయ్యి దగ్గరికే పోలేదట. ఎందుకడుగుతున్నారు? మీకు తెలీకపోతే తెలీదనండి, పోతాను.”

“తెలీకేం. వెళ్లి ఆ బీరువా తెరువు.”

“ఎందుకు?”

“తెరువమ్మా, తినదు.”

“అబ్బో, ఇన్ని కార్డులే! ఇదీ మా తాత నెంబరే... ఇదీ... ఇదీ... బాబాయిగారూ, ఈ అరంతా ఒకటే నెంబరు!”

“కింద అర కూడా.”

“మరి వేరే పటాలాలవి?”

“ఆ మూల చెప్పుల పెట్టెలో పడున్నాయి. వాటి మీద నాకంత మోజు లేదు.”

“అంటే ఇది చాలా పేరున్న పటాలమన్నమాట! నాన్న వింటే లేచి కూర్చుంటాడు. ఇవన్నీ కొన్నారా?”

“లేదు. తెచ్చినవాళ్లే వదిలేసి పోయారు.”

“ఇంత పాతవి, తాతల నాటివి, వదిలేసి పోతారా ఎవరైనా?”

“ఈ నెంబరు వాళ్లంతా అంతే. వచ్చేటప్పుడు నీలాగే గుడ్డలో చుట్టుకుని పసిబిడ్డని తెచ్చినట్టు తెస్తారు. పోయేటప్పుడు బల్ల మీదే వదిలేసి పరిగెత్తుతారు.”

“ఎందుకు?”

“ఇంటి మీద ధ్యాస మళ్లుతుంది మరి. రా, కూర్చో. ఈ కార్డు చదివి పెట్టు.”

“మీ చేతిలో భూతద్దం ఉందిగా?”

“నీ గొంతుతో వినాలనుంది.”

“‘క్షేమం. ఇవాళ పని ఎక్కువైంది. చేతులు బొబ్బలెక్కి పెన్సిలు నిలవడం లేదు. ఊరు ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంది. కుక్క కూడా మొరగడం లేదు.’ చాలా?”

“గరిటె తిప్పితే బొబ్బలెక్కుతాయా?”

“పటాలం మొత్తానికి వండాలంటే మాటలా? గంగాళాలుంటాయి...”

“పార పట్టినా ఎక్కుతాయి.”

“పొయ్యికి గాడి తవ్వి ఉంటాడు.”

“ఒక్క పొయ్యికా?”

“ఏమంటున్నారు మీరు?”

“నేనేమన్నాను? కుక్కలు ఎందుకు మొరగలేదా అని చూస్తున్నా. కొత్తవాళ్లు అంతమంది ఊళ్లోకి దిగితే మొరిగి చావాలి కదా.”

“నాకేం తెలుసు?”

“కూర్చో తల్లీ. ఆ చెంబులో నీళ్లున్నాయి, తాగు. ఈ పటాలం ముందుకి పోయి యుద్ధం చేసిన పాపాన పోలేదు. యుద్ధం దాటిపోయిన ఊళ్లకి వెనకాల వచ్చేది. ఊరు ఖాళీ చేసేది.”

“ఖాళీ చెయ్యడమంటే... జనాన్ని వేరే చోటికి పంపించేవాళ్లు.”

“ఊ. పంపించేవాళ్లు. పారలతో.”

“అబద్ధం! ఇది కూడా మీ గాడిద కథే.”

“కావచ్చు. కార్డు అడుగున ఇంకో ముక్క ఉంది. అది చదవకుండా దాటేశావు.”

“అది మా ఇంటి సంగతి.”

“చదువు.”

“‘పాపకి గౌను పంపుతున్నాను. కాస్త వదులవుతుంది. అయినా వేసుకోమను.’ పాపంటే మా అత్త. ఉన్నంతకాలం ఆ గౌను ముచ్చటే చెప్పేది. అందులో తప్పేముంది?”

“ఆ గౌను ఏమైంది?”

“నా దగ్గరే ఉంది. బట్టలు కుట్టి బతికేదాన్ని, మంచి కుట్టు చూస్తే పారేయబుద్ధి కాదు. పని నేర్చుకునే పిల్లలకి అదే తీసి చూపిస్తాను, చేత్తో కుట్టిన కాజా అంటే ఇదర్రా అని. వీపు మీద ఒక్క గుండీ మాత్రం...”

“వేరేది.”

“...ఆ. మగవాళ్ల చొక్కాది.”

“అసలుది నేను మింగేశాను.”

“ఏంటీ?”

“పాకే వయసు. ఏది దొరికితే అది నోట్లోకి. అక్క నా వీపు విమానం మోత మోగించిందట. నాన్న చొక్కాది తెంపి అమ్మ కుట్టిందట. ఇదంతా మా పిన్ని చెప్పింది. పటాలం వచ్చిన రోజు నన్ను చంకనేసుకుని పొలానికి పోయింది కాబట్టి చెప్పగలిగింది. ఇంట్లో ఉన్నవాళ్లకి చెప్పే వీలు లేకపోయింది.”

“బాబాయిగారూ...”

“ఇది మాత్రం కోత కాదమ్మాయ్. ఆ రోజు పొలాల్లో ఉన్నవాళ్లమే మిగిలాం. ఇప్పుడు పిల్లలు, మనవలు. మళ్లీ ఓ ఊరంత అయ్యాం.”

“దేవుడా... నాకు తెలీదండీ. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఈ కార్డులన్నీ అందుకా పోగుచేశారు?”

“కార్డులు నాకెందుకమ్మా, పొయ్యిలోకా? నువ్వు నాకు మొదట పంపిన ఫోటో ఏ వైపుది?”

“ముద్రలున్న వైపు. రాతవైపు పంపలేదు. ఇంటి గుట్టు పరాయివాళ్లకి ఎందుకని...”

“అందరూ అంతే. ‘పటాలం పేరు ఊరికే చెప్తాం, ఫోటో పంపండి’ అని ప్రకటన వేస్తాను. ఒక్కళ్లూ రాతవైపు పంపరు. గుట్టు కదా! ముద్ర వైపు పంపుతారు. ముద్ర పక్కన ఏముంటుంది?”

“...చిరునామా.”

“ఇల్లు మారినవాళ్లు దొరకరు. మారనివాళ్లు దొరుకుతారు, వాళ్లని కార్డులు పట్టుకుని ఇక్కడికి రమ్మంటాను. మీరు మారలేదు కదూ?”

“మా నాన్న ఆ ఇంట్లోనే పుట్టాడు. ఆయనకేం తెలుసు? అప్పుడాయన పసివాడు!”

“నేనూ పసివాడినే.”

“మీకేం కావాలో చెప్పండి. గౌనా? ఇప్పుడే తెచ్చిస్తాను. రాయి చెక్కొద్దని చెప్పేస్తాను, నాన్నకి నేనే నచ్చజెప్తాను.”

“గౌను తెద్దువుగాని. అక్కది, నాకు కావాలి. ముందు కూర్చో.”

“ఎందుకు మాటిమాటికీ కూర్చోమంటారు? నన్ను పోనివ్వండి.”

“నిన్నెవరు పట్టుకున్నారు, తలుపు బార్లా తీసే ఉంది. ఎండ తగ్గాక పోదువు. ఆ కంచరగాడిదకి పింఛను ఎలా వచ్చిందో చెప్పనే లేదు.”

“ఆగండి, నాన్నకి ఫోను చేస్తాను... ఎత్తడేం? దిండు పక్కనే పెట్టుకుంటాడు. మొదటి మోతకే ఎత్తుతాడు.”

“ఊ.”

“బాబాయిగారూ, మోగుతూనే ఉంది.”

“మోగుతుంది.”

“ఎందుకు ఎత్తడం లేదు? మీరిక్కడే ఉన్నారుగా! ఇంతసేపూ నా ఎదుటే ఉన్నారుగా!”

“ఉన్నాను తల్లీ. నాకు కోతలు కొయ్యడం వచ్చు కాబట్టి, వచ్చినవాళ్లని ఇక్కడ కూర్చోబెట్టే పని నాకు ఒప్పజెప్పారు. ఇళ్లకి పోయేది మావాళ్లు.”