కదలని కుండ

1936 జనవరి 22, బుధవారం పగలు పదకొండు గంటలకు, కొల్లేటికోట రేవులో సబ్ ఇన్‌స్పెక్టరు గారి ఎదుట చెప్పినది.

నా పేరు బొంతు తోమా. తండ్రి ఏసోబు. వయస్సు నలభై దాకా ఉంటుంది. కొల్లేటిలో పిట్టలు పట్టి బతుకుతాను.

పెంటపాడు బడి పంతులు ప్రసాదరావు గారు ఏటా శీతాకాలం వలస పిట్టల ఫోటోలు తీయడానికి వచ్చేవారు. భార్య విక్టోరియా గారు వాటి పేర్లు పుస్తకంలో రాసేవారు. ఈసారి పొడుగు ముక్కు ఉల్లంకులు దిగాయి. తోక నలుపో, చారలో తేలితే గాని వాటి పేరు చెప్పలేమన్నారు పంతులు గారు. దగ్గరికి వెళ్ళే ఉపాయం నేనే చెప్పాను. మేము పాత కుండ తలకు బోర్లించుకుని, అంచు కింద నుంచి చూస్తూ, మెడలోతు నీళ్ళలో నడిచి పిట్టను కాలు పట్టి లాగుతాం. కుండ నీళ్ళలో ఉండగా గట్టు మీది మనిషి నోరు విప్పకూడదు. అది మా కట్టుబాటు.

ఆయనకు ఈత వచ్చా అని నేను అడగలేదు. మా లంకల్లో ఆ మాట ఎవరూ ఎవరినీ అడగరు.

నిన్న ఉదయం ఏడున్నరకు ఆయన తలకు కుండ బోర్లించుకుని నీళ్ళలో దిగారు. గడియారం అమ్మగారి చేతిలో ఉంది. కెమెరాను అరటి బొందల తెప్ప మీద పెట్టి, తుంగ కప్పి, ముందుకు తోసుకుంటూ వెళ్ళారు. అరవై గజాల దూరంలో, నాచు దగ్గర కుండ ఆగింది. పిట్టలు మేస్తూనే ఉన్నాయి. ఒక్క రోజులో మా పని నేర్చారే అని మురిసిపోయాను.

"తోమా, కుండ కదలట్లేదయ్యా" అన్నారు అమ్మగారు. నోటి మీద వేలు పెట్టి చూపించాను.

కాసేపాగి, "ఒక్కసారి పిలవనా?" అన్నారు.

"ఊరుకోండమ్మా, పిట్ట లేచిపోద్దండి" అన్నాను.

ఆవిడ ఊరుకున్నారు. గడియారం చూసుకుంటూ ఊరుకున్నారు.

ఎనిమిది గంటలకు తెప్ప ఒక్కటే గాలికి గట్టు వైపు వచ్చింది. అప్పుడు కేక వేసి దూకాను. కుండ కింద ఎవరూ లేరు. కిందటేడు మట్టి తీసిన గోతిలో, కాళ్ళకు నాచు చుట్టుకుని, ప్రాణం లేకుండా దొరికారు. ఆ గొయ్యి నాకు తెలుసు. రోజూ ఈది దాటేదే కాబట్టి చెప్పాలని తోచలేదు.

నా కేకకు పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. తోకలు నల్లగా కనపడ్డాయి.

అమ్మగారు నా మీద ఒక్క మాట చెప్పలేదని తమరు అన్నారు. ఆవిడ చెప్పరు. ఆవిడ నోరు మూయించింది నేను. అది కూడా అడిగి రాయించుకున్నాను.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. నాకు చదువు రాదు.

బొంతు తోమా, ఎడమ బొటనవేలి ముద్ర