పట్టా అంచున నాలుగు జతలు

నా పేరు ఒకిత్సు చిహారు. వయసు నలభై ఆరు. పెళ్ళి కాలేదు. పాఠ్యపుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో, పుస్తకం అచ్చుకు పోయేముందు అందులో తప్పులు పట్టుకునే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. సాకాయ్ పట్టణంలో మా అన్నయ్య ఇంట్లో పై అంతస్తులో ఉంటాను. అన్నయ్య పేరు ఒకిత్సు తకహితో. అన్నయ్యకు యాభై ఏళ్ళు, హైస్కూలులో ఉప ప్రధానోపాధ్యాయుడు. కింద అన్నయ్య, మా అమ్మ, అన్నయ్య భార్య సనాఎ ఉంటారు. నిన్న పొద్దున దాకా ముగ్గురూ ఉండేవారు.

ఈ రోజు ఏప్రిల్ 7, ఆదివారం. ఉదయం 10 గంటల 20 నిమిషాలకు పోలీస్ స్టేషన్ రెండో అంతస్తులోని ఒక చిన్న గదిలో, అధికారిణి కదోవాకి గారి ఎదుట ఇది చెబుతున్నాను. గదికి కిటికీ ఉంది, తెరుచుకోదు. కింద బల్ల మీద అన్నయ్య, అమ్మ కూర్చుని ఉన్నారు. కిందికి దిగడానికి మెట్లు ఒక్క వైపే ఉన్నాయి. నా మాటల్ని సర్ది రాయవద్దని, అన్నది అన్నట్టు రాయమని కోరాను. కదోవాకి గారు ఒప్పుకున్నారు.

సనాఎ నాకు వదిన కాకముందు స్నేహితురాలు. నారాలో విశ్వవిద్యాలయం హాస్టల్లో నలుగురం ఒకే వరస గదుల్లో ఉండేవాళ్ళం. మిగతా ఇద్దరు రిత్సుకో, తోమోఎ. రిత్సుకో ఇప్పుడు మా పేటలోనే మందుల షాపులో ఫార్మసిస్టు. తోమోఎ పసిపిల్లల బడిలో టీచరు. చదువు ముగిసిన ఏటి నుంచి, ప్రతి ఏప్రిల్‌లో ఒక శనివారం, పూలు విచ్చాయని తెలియగానే, నలుగురం యోషినో కొండకి వెళ్తాం. ఒక్క ఏడు కూడా మానలేదు. సనాఎని అన్నయ్యకు పరిచయం చేసింది నేనే. వాళ్ళ పెళ్ళయి పదిహేడేళ్ళు.

ఏడాది మొత్తంలో సనాఎ అన్నయ్య లేకుండా ఊరు దాటేది ఆ ఒక్క శనివారమే. "చిహారు ఉంటుందిగా, సరే" అనేవాడు అన్నయ్య. అది నా మీద నమ్మకం అనుకునేదాన్ని. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించేవాడు. దాని మీద 9, 12, 3, 6 అని నాలుగు అంకెలు. ఆ గంటలకి అన్నయ్యకు ఫోటో పంపాలి. పంపేది నేను. పదిహేడేళ్ళుగా నేనే.

నిన్న, ఏప్రిల్ 6న, ఉదయం 7.10కి రైలు స్టేషన్లో కలుసుకున్నాం. 9 గంటల ఫోటో రైల్లో తీసి పంపాను. నలుగురం అందులో ఉన్నాం. 11 గంటలకు కొండ నడుమ, చెట్ల కింద, తోమోఎ తెచ్చిన నీలం ప్లాస్టిక్ పట్టా పరిచాం. అందరిలాగే అంచున జోళ్ళు విడిచి కూర్చున్నాం. సనాఎవి లేత గోధుమరంగు జోళ్ళు, కొంచెం మడమ ఎత్తువి. అన్నయ్య కొన్నవి. అర సైజు చిన్నవి. మార్చుకుందామంటే, వాడగా వాడగా సాగుతాయన్నాడు. నాలుగేళ్ళయింది, సాగలేదు.

ఈసారి సనాఎ సంచీ పెద్దదిగా ఉంది.

"ఏంటే, సంసారం అంతా సర్దుకొచ్చావా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తోమోఎ చేప అన్నం పొట్లం ఆకు విప్పుతోంది. విప్పుతూనే ఉంది, ముగించలేదు.

"ముందు తిను. ఖాళీ కడుపుతో వినే మాట కాదు" అంది రిత్సుకో.

"చిహారూ, నేనివాళ ఇంటికి రాను" అంది సనాఎ.

"మరి రేపొస్తావా?" అన్నాను. ఇది నిజంగా నేను అడిగిన ప్రశ్న. రాయండి.

"రేపూ రాను."

"వీళ్ళకి తెలుసా?"

"అక్టోబర్ నుంచి" అంది రిత్సుకో. మా అమ్మ రక్తపోటు మాత్రల కోసం సనాఎ నెలకోసారి వాళ్ళ షాపుకి వెళ్ళేది. అక్కడే, మందుల చీటీ చూస్తున్నట్టుగా మాట్లాడుకునేవారట.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే పన్నెండింటి ఫోటోతో పాటు మీ అన్నయ్యకి చేరిపోయేది."

"రిత్సుకో, ఊరుకోవే" అంది తోమోఎ.

"ఊరుకునే కదటే ఇన్నేళ్ళూ పూలు చూశాం" అంది రిత్సుకో.

సనాఎ సంచీలోంచి బూడిదరంగు గుడ్డజోళ్ళు తీసి, పట్టా అవతలి అంచున వేసుకుంది. కొత్తవి. తాడు కట్టుకుంటూ నన్ను రమ్మని సైగ చేసింది. ఇద్దరం పదడుగులు పక్కకి నడిచాం. అప్పుడు ఒక ఊరి పేరు చెప్పింది.

"వాళ్ళిద్దరికీ చెప్పలేదు. నీకే చెప్తున్నా."

"నాకా? నేను వాడి చెల్లెల్ని."

"నాకేమన్నా అయితే ఎవరో ఒకరికి తెలిసుండాలి. నోరు మూసుకోవడంలో నిన్ను మించినవాళ్ళని నేను చూళ్ళేదు. నా చెయ్యి సంగతి పదకొండేళ్ళు దాచావు. ఇదీ దాచు."

కోపంగా అనలేదు. ఉప్పు ఇటివ్వమన్నట్టు అంది.

"మూడింటి దాకా మీ అన్నయ్యకి తెలియకుండా ఆపు. అది చాలు" అంది. తర్వాత వెళ్ళిపోయింది. అప్పుడు సమయం 11.45. ఏ వైపు వెళ్ళిందో నేను చూశాను. చెప్పను.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. సనాఎ గోధుమరంగు జోళ్ళు పట్టా అంచున ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉన్నాయి. నేను వాటిని తీసి, మా మూడు జతల పక్కన చేర్చి, ముందు కొసలు బయటివైపు ఉండేలా తిప్పి వరుసగా పెట్టాను. ఎవరింటికి వెళ్ళినా, ఎక్కడ కూర్చున్నా మా అందరికీ ఉన్న అలవాటే. నాలుగు గ్లాసుల్లో టీ పోశాను. నాలుగో పొట్లం విప్పి పెట్టాను. సనాఎ అక్కడే ఉందని ఫోటోలో తెలియాలి. అదీ మా ఆలోచన. ఫోటో తీసే మనిషి ఫోటోలో పడదు కాబట్టి, తీసింది సనాఎ అని చెప్పొచ్చు.

12 గంటలకి పక్క పట్టా మీద ఉన్న ఒక పెద్దాయనని ఫోటో తీయమన్నాం. ఆయన అప్పటికే రెండు సీసాలు ఖాళీ చేసి ఉన్నాడు.

"కాస్త దగ్గరికి జరగండమ్మా, మీ అందానికి పూలకి చోటు చాలడం లేదు" అన్నాడు. తర్వాత గ్లాసులు చూసి, "నాలుగో ఆవిడ ఏదీ?" అన్నాడు.

"మీలాంటి వాళ్ళు చూస్తారని దాక్కుంది తాతగారూ" అంది రిత్సుకో.

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ ఫోటోలో మేం ముగ్గురం కూడా నవ్వుతూ ఉన్నాం. 12.02కి దాన్ని అన్నయ్యకి పంపాను. "సనాఎ తీసింది" అని కింద రాశాను. 12.04కి "బాగుంది" అని జవాబొచ్చింది.

12.31కి ఫోన్ మోగింది.

"సనాఎకివ్వు."

"చేతులు కడుక్కోడానికి వెళ్ళిందన్నయ్యా. అక్కడ వరుస పొడుగ్గా ఉంది."

"ఫోటో తీసింది తనేనా?"

"అవును."

"ఎక్కడ నిలబడి తీసింది? పట్టా మీదా, బయటా?"

"బయటే."

"అయితే కాళ్ళకేం వేసుకుంది?"

నేను పట్టా అంచు వైపు చూశాను.

"తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. బడి పిల్లలతో మాట్లాడే గొంతు అది. "అంచున నాలుగు జతలున్నాయి చిహారూ. పెద్దది చేసి చూశాను. కొండ మీద, తడి మట్టిలో, నా పెళ్ళాం వట్టి మేజోళ్ళతో నిలబడి ఫోటో తీసిందా?"

నేను జతలు లెక్కపెట్టాను. నాలుగే.

"అక్కడే ఉండండి, ముగ్గురూ. కదలొద్దు. వస్తున్నా" అని పెట్టేశాడు.

మేం కదల్లేదు. దీన్ని కూడా రాయండి. పట్టా చుట్టూ గోడ లేదు. రైలు స్టేషన్ నడిచి నలభై నిమిషాలు. మధ్యాహ్నం 12.31 నుంచి 3.50 దాకా ముగ్గురు ఆడవాళ్ళం ఒక నీలం పట్టా మీద కూర్చున్నాం.

"మనమేమన్నా కట్టేసిన మేకలమా?" అంది రిత్సుకో ఒకసారి. అన్నదే కానీ లేవలేదు.

"ఇటొస్తున్నంతసేపూ అటు వెతకడు కదా" అంది తోమోఎ. అది నిజమే. సనాఎ కోసమే కూర్చున్నామని చెప్పుకోవచ్చు. వాళ్ళిద్దరి సంగతి అదే కావచ్చు. నేను మాత్రం అన్నయ్య కూర్చోమన్నాడు కాబట్టి కూర్చున్నాను. నాలుగో పొట్లం మీద పూలరేకులు పడుతున్నాయి. పడినప్పుడల్లా ఏరి పారేశాను. మూడు గంటలైనప్పుడు గడియారం చూశాను.

3.50కి అన్నయ్య వచ్చాడు. కొండ కిందే కార్లు ఆపేశారట, నడిచి ఎక్కాడు. చొక్కా తడిసిపోయింది. మా ముగ్గురికీ వంగి నమస్కారం చేశాడు. సనాఎ జోళ్ళు తీసి, తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచీలో వేసుకున్నాడు. "నడువు" అన్నాడు నాతో. నడిచాను.

కారులో రెండు గంటలు. ఒకే ఒక్క మాట అన్నాడు: "నీకు తెలుసు. నీ మొహం నాకు తెలీదా? రేపు పోలీస్ స్టేషన్లో ఊరి పేరు చెప్పేయ్. ఇంతటితో అయిపోతుంది. సోమవారం నుంచి మామూలే."

సాయంత్రం 7 గంటలకి భార్య కనబడటం లేదని ఇక్కడ ఫిర్యాదు ఇచ్చాడు. ఈ ఉదయం బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర అమ్మ నా చొక్కా కాలరు సర్దింది. "వాడు నీ తోడబుట్టినవాడే. పైన గది వాడిచ్చిందే" అంది.

జోళ్ళు అలా ఎందుకు పెట్టారని కదోవాకి గారు నన్ను రెండుసార్లు అడిగారు. రాత్రంతా నన్ను నేనూ అదే ప్రశ్నించుకున్నాను. బొమ్మలో ఉన్న పిల్లాడి నీడ తప్పు వైపు పడితే పట్టుకోవడం నా ఉద్యోగం. కిందటి నెల ఆరో తరగతి పుస్తకంలో ఒక పిల్ల ఇంటి లోపల చెప్పులతో ఉందని బొమ్మ వెనక్కి పంపాను. అలాంటి నాకు, ఫోటో తీసే మనిషి కాళ్ళకి జోళ్ళు ఉండాలని తోచలేదు. అలవాటు చేతిని నడిపించిందా? సనాఎ వెళ్ళిపోతే ఆ ఇంట్లో కింది అంతస్తు చాకిరీకి నేనే మిగులుతానని, అందుకే ఇది అన్నయ్యకి తెలిస్తే బాగుండునని నాలో ఎక్కడో ఉందా? నాకు తెలియదు. తప్పించుకోవడానికి చెబుతున్న మాట కాదిది. నిజంగానే తెలియదు.

సనాఎ ఎక్కడుందని కదోవాకి గారు అడిగారు. చెప్పనన్నాను.

అప్పుడు ఆవిడ కలం కింద పెట్టి ఇలా అన్నారు: "మీరు చెప్పకపోయినా మేం వెతకాలండి. ఫిర్యాదు ఉంది. దొరికితే భర్తకి చెప్పాలి. ఆ ఇంట్లో ఆవిడకి భయం ఉందని నమ్మడానికి నా చేతిలో ఏదైనా ఉంటే, దారి వేరు. అప్పుడు ఎక్కడుందో తెలిసినా ఆయనకి చెప్పక్కర్లేదు. నా దగ్గర ఉన్నది ఒక ఆసుపత్రి కాగితం. ఎడమ చేతి రెండు వేళ్ళు విరిగాయి, ప్రమాదం అని ఉంది. ప్రమాదం అని డాక్టరుకి చెప్పిన మనిషి పేరు కూడా ఉంది. మీరే."

"ఆ కాగితం తప్పని ఇప్పుడు నేనంటే?" అని అడిగాను.

"అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడాడుతున్నారా అని అడుగుతాను. మీ అన్నయ్యగారి తరఫు వాళ్ళూ అడుగుతారు. ఆయన ఎదురుగా."

నీళ్ళు ఇచ్చారు. గోడ గడియారంలో 11.52. ఇక్కణ్ణుంచి లేచి నేను వెళ్ళే ఇల్లు కూడా అదే. నాకు వేరే ఇల్లు లేదు. ఈ సంగతి కదోవాకి గారితో అన్నాను. "తెలుసండీ" అన్నారు. తర్వాత చెప్పాను.

పదకొండేళ్ళ కిందట, జనవరి 3, సాయంత్రం 4.15. కొత్త సంవత్సరానికి పుట్టింటికి ఒక్కపూట వెళ్ళొస్తానని సనాఎ గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమ చెయ్యి ద్వారబంధం మీద ఉంది. అన్నయ్య వద్దన్నాడు. సనాఎ బస్సు టైమయిందంది. అన్నయ్య తలుపు వేశాడు. వేసి, పట్టుకున్నాడు. సనాఎ అరవలేదు. నేను పైనుంచి దిగుతూ నాలుగో మెట్టు మీద ఉన్నాను. ఆరు అంకెలు లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. ఆరో అంకెకి తలుపు వదిలాడు. వంటింట్లో అమ్మ కాలుస్తున్న మోచీ బియ్యపు ముద్దలు మాడిన వాసన వచ్చింది. 4.50కి నేనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎలా జరిగిందని డాక్టరు సనాఎని అడిగాడు. సనాఎ నా వైపు చూసింది. గాలికి తలుపు కొట్టుకుందని నేను చెప్పాను.

నేను చెప్పింది అబద్ధం. ఆ రోజు గాలి లేదు.

పై మాటలన్నీ మధ్యాహ్నం 1.05కి కదోవాకి గారు నాకు మొదటి నుంచి చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించాను. "అన్నయ్య తలుపు వేశాడు" అన్నచోట "అన్నయ్య" కొట్టేసి "ఒకిత్సు తకహితో" అని పూర్తి పేరు రాయించి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. తెలియనిది తెలియదని చెప్పాను. ఊరి పేరు తెలిసీ చెప్పలేదు. మిగతాదంతా నేను చూసింది, చేసింది, అన్నది. ఇందులో ఏ మాటనైనా ఆయన ఎదురుగా, ఇవాళే అయినా, మళ్ళీ చెబుతాను.

(సంతకం) ఒకిత్సు చిహారు
పేరు ముద్ర తెచ్చుకోనందున ఎడమ చూపుడువేలి గుర్తు

నా ఎదుట చెప్పగా రాసి, చదివి వినిపించినది:
(సంతకం) కదోవాకి