విత్తనానికి వదిలిన సొరకాయ

గింజలు పంచుకునే రోజని వీధంతా ఉమ్మడి తోటలో పోగైంది. వదిన ఇంట్లో ఉన్న సొర గింజల్ని తీసుకెళ్దామని వచ్చిన ఆడపడుచు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. అన్న పోయి నెల తిరగలేదు. వదిన పొయ్యి మీది గిన్నెలోకి చూస్తూ నిలబడి ఉంది.

“వదినా, కిటికీకి వేలాడదీసిన సొరకాయ ఏది?”

“పగలగొట్టాను.”

“అయ్యో! దారం కట్టింది విత్తనానికని తెలీదా?”

“కట్టిందే నేను. గింజలు అదిగో, పళ్లెంలో. ఒక్కటీ పోలేదు.”

“హమ్మయ్య! కొన్న గింజలు మొలవక కిందటేడు ఎంత అవస్థపడ్డామో! అందరూ దీనిమీదే ఆశ పెట్టుకున్నారు. మరి పొయ్యి మీద ఏంటది?”

“ఆ సొరకాయే.”

“ఎండిన పెంకా? ఎవరు తింటారు?”

“తీగంతటికీ ఒక్కటే నిలిచింది కదా. లేతగా ఉన్నప్పుడు మీ అన్నయ్య అడిగాడు. ఏదీ సహించక, మంచంలోంచి అదొక్కటే అడిగాడు. వీధి సొమ్ము, ముట్టుకోకూడదన్నాను.”

ఆడపడుచు పళ్లెం చేతిలోకి తీసుకుంది.

“నువ్వెళ్లు, అక్కడ ఎదురుచూస్తుంటారు,” అంది వదిన, గిన్నెలో ఇంకో చెంబు నీళ్లు పోస్తూ. “పొద్దుట్నుంచీ ఉడికిస్తున్నా. ఇంకా మెత్తబడలేదు.”